వెనక్కి వచ్చే దారి లేని అప్‌గ్రేడ్

ఆదాయపు పన్ను రిటర్నుల గడువు దగ్గరపడే కొద్దీ పోర్టల్ మొరాయిస్తోందన్న ఫిర్యాదులు రావడం మామూలే. అవి పతాక స్థాయికి చేరింది మాత్రం 2021లో. దేశమంతా వాడే ఒక వ్యవస్థను ఆరు రోజుల విరామంతో పూర్తిగా మార్చేస్తే ఏమవుతుందో అప్పుడు తెలిసొచ్చింది.

రిటర్న్ పరిశీలనకు పట్టే 63 రోజులను ఒక్క రోజుకు తగ్గించాలన్న లక్ష్యంతో 2019 జనవరిలో కేంద్ర క్యాబినెట్ దాదాపు రూ.4,242 కోట్ల ప్రాజెక్టును ఆమోదించింది. పని ఇన్ఫోసిస్‌కు దక్కింది. 2021 జూన్ 1 నుంచి 6 వరకు పాత పోర్టల్‌ను ఆపేశారు. 7న కొత్తది మొదలైంది. మర్నాడే ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఇన్ఫోసిస్‌నూ, నందన్ నీలేకనినీ ట్యాగ్ చేస్తూ సమస్యలు సరిచేయాలని ట్విట్టర్‌లో కోరాల్సి వచ్చింది.

వచ్చిన ఫిర్యాదులు ప్రధానంగా మూడు రకాలు. లాగిన్ కాకపోవడం, ఓటీపీ రాకపోవడం మొదటి రకం. గతంలో వేసిన రిటర్నులు కనిపించకపోవడం రెండోది. వడ్డీ, ఆలస్య రుసుము తప్పుగా లెక్కించడం మూడోది. పైకి అన్నీ 'సైట్ పనిచేయడం లేదు' అన్నట్టే ఉన్నా, ఇంజినీర్లు ఒక్కోదానికి ఒక్కో చోట వెతకాలి. మొదటిదానికి సర్వర్ల మీద పడే భారం చూస్తారు. రెండోదానికి పాత డేటాబేస్‌లోని గడులు కొత్తదానితో సరిగ్గా జతపడ్డాయా అని చూస్తారు. జత తప్పితే సమాచారం భద్రంగా ఉన్నా మనిషికి కనిపించదు. మూడోదానికి లెక్క కట్టే నియమాలనే తిరగేయాలి.

మూడింటిలో ప్రమాదకరమైనది చివరిదే. మిగతా రెండూ పైకి కనబడతాయి. లెక్క తప్పితే మాత్రం సైట్ సజావుగానే నడుస్తుంది, తప్పుడు మొత్తం చూపిస్తుంది. ఆ ఏడాది వ్యక్తుల రిటర్నుల గడువును జూలై 31 నుంచి సెప్టెంబర్ 30కి పొడిగించారు. అయినా జూలై తర్వాత వేసిన కొందరికి 234ఏ వడ్డీ, 234ఎఫ్ ఆలస్య రుసుము పడ్డాయి. సాఫ్ట్‌వేర్‌ను ఆగస్టు 1న సవరించామని, ఎక్కువ కట్టినవారికి తిరిగి చెల్లిస్తామని ఆదాయపు పన్ను శాఖ ఆ నెల 11న ప్రకటించింది.

అప్పటికే జూన్ 22న ఢిల్లీలో సమీక్ష జరిగింది. దానికి ముందే 700కు పైగా ఈమెయిళ్లలో 2,000కు పైగా ఫిర్యాదులు అందాయి. అందులో వేర్వేరు సమస్యలు 90. ఆగస్టు 21, 22 తేదీల్లో పోర్టల్ అసలు తెరుచుకోలేదు. 23న ఇన్ఫోసిస్ సీఈవో సలీల్ పరేఖ్‌ను పిలిపించిన మంత్రి, సెప్టెంబర్ 15లోగా చక్కదిద్దాలని గడువు విధించారు. రిటర్నుల గడువు డిసెంబర్ 31కి జరిగింది. ఆ తేదీ నాటికి దాదాపు 5.89 కోట్ల రిటర్నులు దాఖలయ్యాయి. చివరి ఒక్కరోజే 46.11 లక్షలు వచ్చాయి. అంటే వ్యవస్థ చివరకు నిలబడింది. కానీ సర్దుకునే భారమంతా పన్ను చెల్లింపుదారులు, ఆడిటర్లు మోశారు.

బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకుదీ ఇదే కథ. 2018 ఏప్రిల్‌లో అది 52 లక్షల ఖాతాదారులను ఒకే వారాంతంలో కొత్త ప్లాట్‌ఫామ్‌పైకి మార్చింది. డేటా సక్రమంగానే చేరింది. దాన్ని నడపాల్సిన వ్యవస్థే కుప్పకూలింది. పూర్తిగా కోలుకోవడానికి డిసెంబర్ దాకా పట్టింది. 2022లో నియంత్రణ సంస్థలు 4.86 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి.

పాత, కొత్త వ్యవస్థలను కొన్నాళ్లు పక్కపక్కనే నడపడం తేలిక కాదన్న వాదన నిజమే. ఖర్చు రెట్టింపవుతుంది. రెండు డేటాబేస్‌లూ ఎప్పటికప్పుడు సరిపోలాలి. అయినా మధ్యేమార్గం ఉంది. ముందుగా ఒక రకం ఫారాన్ని, కొద్దిమంది పన్ను చెల్లింపుదారులను మార్చి, లెక్కలు సరిచూసుకుని మిగతావారి జోలికి వెళ్లొచ్చు. 2021లో మిగిలిన వెనుదారి కాగితమే. విదేశాలకు సొమ్ము పంపేవారు 15సీఏ, 15సీబీ ఫారాలను బ్యాంకుల్లో చేతికివ్వొచ్చని ప్రభుత్వం అనుమతించాల్సి వచ్చింది.

కాబట్టి ఇలాంటి ఒప్పందాల్లో రెండు షరతులు ఉండాలి. కొత్తది నిర్ణీత పరీక్షలు నెగ్గేవరకు పాతదాన్ని ఆపకూడదు. సైట్ పనిచేయని రోజులు గడువుకు వాటంతటవే కలవాలి. పన్ను చెల్లింపుదారు ఆలస్యం చేస్తే రుసుము ఎంతో చట్టంలో రాసి ఉంది. పోర్టల్ వల్ల ఆలస్యమైతే మాత్రం గడువు పెంచుతూ ఉత్తర్వు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటమే అతని వంతు.