తేదీ వేసుకొన్న అతిథి

మోటారు సైకిలుపై ఒంటరిగా పొరుగుదేశం పోయి, వెంట తీసుకువెళ్ళిన గుడారంలో పడుకొని వచ్చేవారిని నేను యాత్రికులుగానే లెక్కిస్తాను. అది ఉత్త తిక్క అని, పెట్రోలు దండగ అని నా యీడు పెద్దలు చాలామంది అంటారు. వారితో నాకు పేచీ ఉంది. అయితే, తిరిగివచ్చిన తరువాత ఆ యాత్రికులు రాసే రాతలతో అంతకంటె పెద్ద పేచీ ఉంది.

ముందు పెద్దల మాట. పదిమందితో కలిసి పోతేనే యాత్ర అని వారి నమ్మకం. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. వెంట పెద్ద పరివారం, పల్లకి, బోయీలు, డేరాలు. ఆనాటి దారులకు అది తప్పదు. ఆయన హైదరాబాదు, నాగపూరు, జబ్బలుపూరు మీదుగా సాగిన దారినే ఇంచుమించుగా నేటి కుర్రవాడు బండి మీద పట్టి, కాశీ దాటి, గోరఖ్‌పూర్ దాటి, సునౌలీ దగ్గర నేపాళ సరిహద్దు చేరుకొంటున్నాడు. హైదరాబాదు నుంచి సుమారు 1,500 కిలోమీటర్లు. పరివారం లేదు. డేరా మాత్రం ఉంది, వెనుక సీటుకు తాళ్ళతో బిగించి.

పరివారం లేని లోటు సరిహద్దు దగ్గరే తెలుస్తుంది. 1950 నాటి ఒడంబడిక పుణ్యమా అని మనకు నేపాళానికి వీసా అక్కరలేదు. బండికి మాత్రం సుంకపు కార్యాలయంలో అనుమతి తీసుకోవాలి. దానిని అక్కడివారు భన్సార్ అంటారు. ఎన్ని రోజులుంటావో ముందుగా చెప్పి, రోజుకింతని కట్టి, కాగితం పుచ్చుకోవాలి. లోపల వరుసలో నిలబడినంతసేపూ బండీ, సామానూ బయట ఉంటాయి. గుంపుగా పోయినవారిలో ఒకడు కాపలా ఉంటాడు. ఒంటరివాడు పక్కనున్న టీకొట్టు మనిషిని బతిమాలుకోవాలి. ముక్కూ మొహం తెలియని ఆ మనిషిని నమ్మి, వెనుదిరిగి చూడకుండా లోపలికి నడవాలి. ఇరవై బళ్ళతో, వెనుక ఒక వ్యానుతో, వంటవాడితో సహా పోయే జట్లకు ఈ అవసరం ఎన్నడూ కలగదు. వారు తమ ఊరినే మూటగట్టుకొని సరిహద్దు దాటిస్తారు.

అతిథి శబ్దానికి తరగతిలో మేము విగ్రహం చెప్పేవాళ్ళం: తిథి నియమం లేక వచ్చేవాడు అని. భన్సారు కాగితం చేతబట్టుకొన్నవాడు తేదీ వేసుకొన్న అతిథి. ఇంకా దూరదేశాలకైతే కార్నే అనే పుస్తకం కావాలి. బండిని అక్కడ అమ్ముకోకుండా తిరిగి తీసుకుపోతాడని పూచీపడుతూ మోటారు సంఘంవారు ఇచ్చేది. మన దేశంలో ముంబయిలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఇస్తుంది. ఒక్కొక్క దేశానికి ఒక్కొక్క పుట; ప్రవేశానికొక ముక్క, నిష్క్రమణకొక ముక్క చింపుకొంటారు. అంటే బండికి పూచీ ఉంది. మనిషికి ఎవరు పూచీ?

టెడ్ సైమన్ అనే ఆంగ్ల పత్రికా రచయిత 1973 అక్టోబరులో లండను నుంచి 500 సీసీల ట్రయంఫ్ బండిపై ఒంటరిగా బయలుదేరి, నాలుగేళ్ళు ప్రపంచం చుట్టాడు. బ్రెజిల్‌లో కాలుపెట్టగానే అక్కడి పోలీసులు అనుమానించి నిర్బంధించారు. మన దేశంలో భవిష్యత్తు చెప్పే ఒకాయన అతడిని బృహస్పతి అన్నాడట. 1979లో వెలువడిన అతడి పుస్తకం పేరులోకి ఆ జూపిటరే వచ్చి చేరాడు. అరవై తొమ్మిదేళ్ళ వయసులో, 2001లో, మళ్ళీ అదే దారి పట్టాడు. (ఇది చదివి మా ఇంట్లో ఎవరూ కంగారు పడనక్కరలేదు. నాకు సైకిలు తప్ప రాదు.) ఆ పుస్తకంలో యంత్రం సంగతులూ ఉన్నాయి. కాని మనసులో నిలిచిపోయేది దారిలో అతడికి చోటిచ్చిన మనుషులే.

ఇప్పుడు నా రెండవ పేచీ. నా పూర్వ విద్యార్థి ఒకడు సునౌలీ మీదుగా లుంబినికీ, అక్కడి నుంచి పొఖరాకూ పోయివచ్చి, తన యాత్రావృత్తాంతాన్ని భాష దిద్దమని నాకిచ్చాడు. పదహారు పుటలు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో, చెయినుకు ఎక్కడెక్కడ నూనె పోశాడో, గుడారం బరువెంతో వివరంగా ఉంది. నడుమ ఒక్క వాక్యం: “ఆ రాత్రి ఒక బడి ఆవరణలో గుడారం వేశాను.”

“గేటు ఎవరు తీశారురా?” అని అడిగాను.

ఆ బడి పంతులుగారేనట. చీకటి పడుతుండగా సైకిలు మీద వచ్చి తాళం తీశాడట. వాన వస్తే నీళ్ళు నిలిచే చోటు ఇదీ అని చూపించి, గుడారం వరండాలోకి మార్పించాడట. తెల్లవారి టీ తెచ్చాడట. పేరడిగితే మావాడు నీళ్ళు నమిలాడు.

అక్షరదోషాలు దిద్ది ఇచ్చాను గాని, ఆ వాక్యం దగ్గర నా కలం ముందుకు సాగలేదు. నేను పనిచేసిన పల్లెబళ్ళ అరుగుల మీద కాలినడకన పోయే సాధువులు పడుకొనేవారు. ఉదయం మేము వచ్చేసరికి అరుగు ఊడ్చి ఉండేది. వారిలో ఎవరూ వృత్తాంతాలు రాయలేదు. ఆ ఊడ్చిన అరుగుతోనే లెక్క చెల్లిపోయింది. రాయగలిగినవాడు, రాయడానికే కూర్చున్నవాడు, చెయిను నూనెకు అరపుట ఇచ్చి తాళం తీసినవాడికి ఒక్క వాక్యమైనా ఇవ్వకపోవడం నాకు మింగుడుపడలేదు. ఒంటరిగా పోయానని చెప్పుకొనేవాడు ఆ రాత్రి ఎవరి పూచీమీద నిద్రపోయాడో చెప్పాలి గదా!

ఆ పంతులుగారికి ఒక ఉత్తరం రాయమన్నాను. బడి పేరైనా గుర్తుందా అంటే, ఫోనులో పటం తీసి చుక్క చూపించాడు. పెద్దది చేసి చూస్తే ఊరి పేరు కనబడింది. ఆ ఊరి బడి ప్రధానోపాధ్యాయుల వారికి అని చిరునామా రాస్తే చేరుతుందని నేనన్నాను, చేరదని వాడు. ప్రస్తుతం వాదం అక్కడ ఆగి ఉంది.

మిత్రులలో సరిహద్దులు దాటి ఇలా పోయివచ్చినవారు ఉంటే, మీకు తాళం తీసినవారి సంగతి రాయండి. మైలేజీ తరువాత చూసుకొందాం.