విడదీసి కూడితే అదే వస్తుందా?

వీణ తీగ మీటితే మనకు ఒకే స్వరం వినిపిస్తుంది. నిజానికి అందులో అసలు కంపనంతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతల వేగంతో సాగే కంపనాలెన్నో కలిసి ఉంటాయి. అలను ఇలా విడదీయడం సరే, ముక్కలన్నిటినీ తిరిగి కూడితే మళ్లీ ఆ అలే వస్తుందా? ఈ ప్రశ్న తేలడానికి దాదాపు 160 ఏళ్లు పట్టింది!

లోహంలో వేడి ఎలా పాకుతుందో లెక్కగడుతూ ఫ్రాన్స్ శాస్త్రవేత్త జోసెఫ్ ఫోరియర్ 1807లో ఓ సాహసం చేశాడు. ఎలాంటి గీతనైనా సైన్, కొసైన్ తరంగాల మొత్తంగా రాయొచ్చన్నాడు. లగ్రాంజ్ అంతటివాడు ఒప్పుకోలేదు. 1829లో డిరిక్లే, కొన్ని షరతులు పాటించే గీతల విషయంలో అది నిజమేనని నిరూపించాడు. ఎక్కడా తెగని గీతలన్నిటికీ ఇది వర్తిస్తుందనే నమ్మకం ఏర్పడింది. 1873లో జర్మనీకి చెందిన డ్యుబోయి-రేమండ్ దాన్ని వమ్ము చేశాడు. ఆయన చూపించిన గీత ఎక్కడా తెగదు. కానీ ఒక బిందువు దగ్గర మాత్రం తరంగాలను ఎన్ని కూడినా మొత్తం ఒక విలువ దగ్గర కుదురుకోదు!

ఒక్కచోట తప్పితే సరే, అంతటా తప్పితే? అలా జరగదని, తెగని గీతలకు మొత్తం దాదాపు అన్నిచోట్లా కుదురుతుందని 1915లో రష్యాకు చెందిన లూజిన్ ఊహించాడు. తప్పే బిందువులున్నా వాటన్నిటి పొడవూ కలిపితే సున్నాయే అన్నమాట. అయితే 1923లో ఆయన శిష్యుడు కోల్మొగొరోవ్ దాదాపు అన్నిచోట్లా తప్పే ఉదాహరణ ఒకటి ప్రచురించాడు. దాన్ని కట్టేనాటికి అతనికి 19 ఏళ్లే! ఆ ఉదాహరణ తెగని గీత కాదు. కాబట్టి గురువు ఊహ నిలిచింది కానీ, అనుమానం పెరిగింది.

స్వీడన్ గణితజ్ఞుడు లెనార్ట్ కార్ల్‌సన్‌కూ అదే అనుమానం. లూజిన్ ఊహను పడగొట్టే ఉదాహరణ కోసం ఏళ్ల తరబడి ప్రయత్నించాడు. కుదరలేదు. ఎందుకు కుదరడం లేదని లోతుగా తరచి చూస్తే, అలాంటిది అసలు ఉండటానికే వీల్లేదని తేలింది. తప్పని చూపబోయినవాడే 1966లో ఆ ఊహ నిజమని నిరూపించాడు! 2006లో ఆయనకు అబెల్ పురస్కారం వచ్చింది.

లెక్క కుదరనప్పుడు మనం కాగితం నలిపి పారేస్తాం. ఎందుకు కుదరలేదో అడగడంలోనే అసలు జవాబు ఉండొచ్చు.