లెక్కల పరీక్షా, తెలుగు పరీక్షా?

మొన్న అరకు సంతలో రాజ్మా కొన్నాను. అమ్మేది ఐదో తరగతి పిల్ల. వాళ్లమ్మ పక్కనే అల్లం పోసుకుని కూర్చుంది. సోల అరవై. మూడు సోలలు కొలిపించుకుని ఐదు వందల నోటిచ్చాను. నేనింకా లెక్క కట్టుకుంటూనే ఉన్నాను, మూడు వందల ఇరవై నా చేతిలో పెట్టేసింది.

"లెక్కలు రావమ్మా దీనికి, బడిలో మూడే వేశారు" అంది తల్లి. బేరాల్లేనప్పుడు చదువుకోమని తెచ్చిన నోటుబుక్కులోంచి స్లిప్ టెస్ట్ కాగితం తీసింది. ఇరవైకి మూడు.

"ఒక వర్తకుడు పన్నెండు కలములను, ఒక్కొక్కటి 15 రూపాయల చొప్పున..." ఇదీ ప్రశ్న. జవాబు రాయాల్సిన చోట ఆ ప్రశ్ననే గుండ్రటి అక్షరాలతో దించేసింది పిల్ల. ఇంట్లో వాళ్లది ఆదివాసీ ఒరియా. తెలుగు సంతలో నేర్చుకున్నదే. ఆ తెలుగులో వర్తకుడూ లేడు, కలమూ లేదు. బి.ఏ. తెలుగు చదివినదాన్ని, ఆ మాటలంటే నాకు ముద్దే. కానీ లెక్కల పరీక్షలో వాటికేం పని?

ఎఫ్‌ఏలో రాత పరీక్ష మార్కులు పోగా మిగతావి ఉన్నాయిగా అంటారు. ఉన్నాయి. అందులో ప్రాజెక్టుకి కొన్ని. మావాడి ప్రాజెక్టు చార్టులు రాత్రి పదకొండింటిదాకా గీసింది నేను. పదికి పదీ వచ్చాయి, నాకు! సంతలో అల్లం అమ్ముకునే తల్లి ఏ చార్టు గీస్తుంది? ఆ మధ్య చిన్న తరగతులకి కూడా గుండ్రాలు దిద్దే ఓఎంఆర్ షీట్లు పెట్టారు. రాయక్కర్లేదు సరే, ప్రశ్న చదవాలిగా!

పిల్లకి అర్థమైందా, అర్థమైనదాన్ని వాడగలుగుతోందా అన్నదే ఎప్పటికప్పుడు చూడాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. వీలైనంతవరకు తల్లిభాషలో చదువు చెప్పమన్నదీ అదే సెక్షన్. 2004లోనే మన రాష్ట్రంలో కువి, కొండ, ఆదివాసీ ఒరియా లాంటి భాషల్లో చిన్న తరగతులకి పాఠాలు మొదలుపెట్టారు. పాఠానికి పనికొచ్చిన భాష పరీక్షకి పనికిరాదా?

నోటితో అడిగితే రుజువేదీ అంటారు. ఒక్క టీచరు ఎన్ని రిజిస్టర్లు నింపాలో నాకూ తెలుసు, వాళ్లని అనడం లేదు. కానీ రాజ్మాకి సోల, అల్లానికి తక్కెడ అని సంతలో పిల్లలకే తెలుసు కదండీ. లెక్క వచ్చో రాదో తేల్చడానికి పిల్లనెదురుగా కూర్చోబెట్టుకుని నోటితో అడగండి. చింతపిక్కలు పోసి పంచమనండి. ఆ మార్కులే కార్డులో ఎక్కించండి.

ఆ రోజు నేను వర్తకుణ్ణి షావుకారు చేసి, కలాన్ని పెన్ను చేసి అదే ప్రశ్న అడిగాను.

"నూట ఎనభై" అంది పిల్ల, సోలలో గింజలు సర్దుతూ. "ఇందాక మీ రాజ్మాకి అయినంతే."