కత్తెరకు పని, దువ్వెనకు సెలవు

మన భాషలో తలమీది వెంట్రుకలకు పేర్లకేమీ లోటు లేదు. కురులు, కుంతలాలు, అలకలు, శిరోజాలు, కేశాలు. ముడిస్తే కొప్పు, చుడితే సిగ, అల్లితే జడ, నుదుటిమీద పడితే ముంగురులు. వీటిలో అలకలంటే ఉంగరాలు తిరిగిన కురులు. ప్రబంధ కవులు వాటిని తుమ్మెద బారులతో పోల్చారు, నీలిమేఘాలతో పోల్చారు, పోల్చి పోల్చి మురిసిపోయారు. బాగానే వుంది. కాని తలంటుకున్న తరువాత ఆ అలకల చిక్కు తీసుకోవడానికి యెంతసేపు పడుతుందో మాత్రం వారిలో యెవరూ రాసినట్టు నాకు కనిపించలేదు. అందులో వింతేమీ లేదు. చిక్కు తీసుకునే పని కవిగారిది కాదు గదా!

ఆ పని వున్నవాళ్ళు యిప్పుడు నోరు విప్పి అడుగుతున్నారు. "నాది ఒత్తైన ఉంగరాల జుట్టు. పొట్టిగా కత్తిరించుకోవాలని వుంది. కాని రోజూ దానితో తంటాలు పడకుండా వుండే పద్ధతి కావాలి" అని. అడిగేవాళ్ళంతా షోకు కోసం అడుగుతున్నారనుకుంటే పొరపాటు. ఉదయం ఏడింటికల్లా క్యారేజీలు సర్ది బస్సు అందుకోవలసినవాళ్ళు, మే నెలలో బెజవాడ ఉక్కలో తడి ఆరని జడతో మెడనొప్పి తెచ్చుకునేవాళ్ళు, చెయ్యి పైకి లేవనివాళ్ళు కూడా వున్నారు.

చెయ్యి లేవకపోవడమంటే వేళాకోళం కాదు. మా వీధిలో ఒక పిన్నిగారున్నారు. యాభై దాటాయి. జడ అల్లితే నడుము దిగి వుండేది. నిరుడు ఆవిడకు కుడిభుజం పట్టేసింది. డాక్టర్లు ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. నలభైకీ అరవైకీ మధ్య వయసులో, అందులోనూ ఆడవాళ్ళకు, చక్కెర జబ్బు వున్నవాళ్ళకు ఎక్కువగా వస్తుంది. తగ్గుతుంది గాని యేడాది పట్టవచ్చు, రెండు మూడేళ్ళూ పట్టవచ్చు. అంతవరకూ తల దువ్వుకోవడమంటే కొండ యెత్తినంత పని. రోజూ పొద్దున్నే ఆఫీసుకు పరుగెత్తే కోడలి కోసం పిన్నిగారు చేతిలో దువ్వెన పట్టుకుని కూచునేవారు. కోడలు మంచిదే. ఒక్కనాడూ విసుక్కోలేదు. "విసుక్కోకపోవడమే నాకు కష్టంగా వుందమ్మా. విసుక్కుంటే నేనూ ఒక మాట అనేదాన్ని" అన్నారు పిన్నిగారు నాతో.

కత్తిరించేసుకుంటానని ఆవిడ అనగానే యింట్లో తుపాను రేగింది. భర్తగారు పేపరు చాటుకు వెళ్ళిపోయారు. అత్తగారు మాత్రం వూరుకోలేదు. ఎనభై యేళ్ళ మనిషి. "ముత్తైదువవు, జుట్టు కత్తిరించుకుంటావుటే? శుభమా, అశుభమా?" అన్నారు.

ఈ మాటను ఛాందసమని కొట్టిపారెయ్యడం తేలిక. కాని దాని వెనుక చరిత్ర వుంది. ఒకప్పుడు మనలో కొన్ని కులాలవారు భర్త పోయిన స్త్రీకి, ఆమె పసిపిల్లయినా సరే, తల గొరిగించేవారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. తల గొరిగించే ఆచారం ఆ తరువాత కూడా చాలాకాలం పోలేదు. స్త్రీ తలమీద జుట్టు లేకపోవడమంటే యింట్లో చావు జరిగిందని గుర్తు. ఆ గుర్తు చూసి బెదిరిన కళ్ళు యింకా మన యిళ్ళల్లో వున్నాయి.

పిన్నిగారి అత్తగారు రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు తానే మొదలుపెట్టారు. ఆవిడ చిన్నతనంలో యింట్లో మేనత్త వుండేదట. పదిహేనో యేట తల గొరిగించారట. ముసుగు కొంచెం జారితే చాలు, చప్పున సర్దుకునేదట. "దాన్ని యెవరూ అడగలేదే. అడ్డం పడేవాళ్ళూ లేకపోయారు. నువ్వు నీ అంతట నువ్వు అడుగుతున్నావు. అదీ యిదీ ఒకటి కాదులే, వెళ్ళు" అన్నారు. ఇంతకంటె చక్కగా ఆ తేడాను నేను చెప్పలేను. తిరుమలలో మొక్కుకుని మూడు కత్తెరలిచ్చినా, గుండు చేయించుకున్నా యెవరమూ అశుభమనుకోము. స్వామికోసం తెగితే పుణ్యమైన జుట్టు, నొప్పితో వున్న మనిషి కోసం తెగితే పాపమెలా అవుతుంది?

సరే, యింట్లో ఒప్పుకున్నారనుకోండి. అసలు కష్టం అక్కడినుంచే. ఒత్తైన ఉంగరాల జుట్టును కత్తిరించడం వేరు, కత్తిరించాక అది చెప్పినమాట వినేట్టు కత్తిరించడం వేరు. యింటి దగ్గర దువ్వెనకు పని తగ్గాలంటే పార్లరులో కత్తెరకు పని ఎక్కువ పెట్టాలి. ఇది మూలసూత్రం. 1963లో లండనులో వీడాల్ ససూన్ అనే క్షురకుడు పేరు తెచ్చుకున్నది ఈ ఉపాయంతోనే. అంతకుముందు ఆడవాళ్ళు వారం వారం పార్లరుకు వెళ్ళి, రోలర్లు చుట్టించుకుని, గంటల తరబడి కూచుని జుట్టును ఒక ఆకారంలో నిలబెట్టించుకునేవారు. కత్తిరింపే సరిగా వుంటే, కడిగి తల విదిలిస్తే చాలు, జుట్టు దాని చోటికి అదే వస్తుందని అతడు చూపించాడు. అతడు దిద్దిన సూటిగీతలు మన ఉంగరాలకు నప్పవు. సూత్రం మాత్రం నప్పుతుంది.

ముందు మీ జుట్టు సంగతి మీరు తెలుసుకోండి. ఒత్తు అన్న ఒక్క మాటలో రెండు సంగతులు కలిసిపోయి వున్నాయి. వెంట్రుకలు లెక్కకు ఎక్కువ వుండడం ఒకటి, ఒక్కొక్క వెంట్రుకా లావుగా వుండడం రెండోది. రాలిన వెంట్రుక ఒకటి తీసి వేళ్ళమధ్య నలపండి. తగిలీ తగలనట్టుంటే సన్నం, దారంలాగా స్పష్టంగా తెలిస్తే లావు. తరువాత ఒకనాడు తలంటుకుని, దువ్వకుండా దాని మానాన దాన్ని ఆరనివ్వండి. యెక్కడ వంపు తిరుగుతున్నది, యెక్కడ పైకి లేస్తున్నది, యెక్కడ సుడి వున్నది చూసుకోండి. రెండు సుళ్ళుంటే రెండు పెళ్ళిళ్ళని మనవాళ్ళంటారు. పెళ్ళిళ్ళ మాట దేవుడెరుగు గాని, నడినెత్తిన సుడి వున్నచోట మరీ పొట్టిగా కత్తిరిస్తే జుట్టు నిక్కబొడుచుకుంటుందన్నది మాత్రం నిజం. ఈ సంగతి కత్తెర పట్టుకున్న మనిషికి ముందే చూపించాలి.

ఇక కొలత. తడి వెంట్రుక సాగుతుంది. ఆరితే ముడుచుకుంటుంది. ఉంగరాల జుట్టుకైతే ఈ తేడా అంగుళం, రెండంగుళాలు కూడా వుండవచ్చు. పైగా పొడుగాటి జుట్టును దాని బరువే కిందికి లాగి పట్టివుంచుతుంది. బరువు తెగిపోగానే ఉంగరం పైకి లేస్తుంది. అందుచేత తడిమీద గడ్డం దాకా కొలిచి కత్తిరిస్తే ఆరాక అది చెవి దగ్గర తేలుతుంది. మీకు కావలసిన చోటుకు రెండు వేళ్ళు కిందనే ఆపమనండి. ఆరిన తరువాత చూసి మిగతాది దిద్దమనండి. తీసింది అంటించలేము, వుంచింది యెప్పుడైనా తియ్యవచ్చు.

ఆకారం మాటకు వస్తే, ఒత్తైన ఉంగరాల జుట్టును చుట్టూ ఒకే పొడుగుకు కత్తిరించకూడదు. కత్తిరిస్తే పైన అణిగి, కింద విచ్చుకుని, తల తాటాకు గొడుగులాగా తయారవుతుంది. మెట్లు మెట్లుగా కత్తిరించాలి. దీన్నే పార్లరులో లేయర్లంటారు. మెడవెనుక దగ్గరగా, పైపొరలు కొంచెం పొడుగ్గా, చెవుల దగ్గర బరువు తగ్గేట్టుగా వుండాలి. బరువు తగ్గిస్తామంటూ కొందరు పళ్ళకత్తెర తీసుకుని కుదుళ్ళ దగ్గరినుంచీ పలచబరుస్తారు. వద్దనండి. లోపల తెగిన పొట్టి వెంట్రుకలు పెరుగుతూ పెరుగుతూ పై వెంట్రుకలను యెత్తిపెడతాయి. నెల తిరిగేసరికి జుట్టు మునుపటికంటె వుబ్బుతుంది. నుదుటిమీద కత్తిరింపు కూడా ఆలోచించుకోవలసిందే. 1960లో వచ్చిన 'లవ్ ఇన్ సిమ్లా' అనే హిందీ చిత్రంలో సాధన నుదుటిమీదికి కత్తిరించిన జుట్టుతో కనిపించేసరికి దేశమంతా సాధనా కట్ అంటూ వెర్రెత్తిపోయింది. అందంగానే వుంటుంది. కాని ఉంగరాల జుట్టు అలా బుద్ధిగా పడుకోదు. చెమట పట్టగానే చుట్టుకుని పైకెక్కుతుంది. రోజూ వేడిగాలి పెట్టి సాపు చేసుకునే ఓపిక వుంటే సరే, లేకపోతే ముంగురుల జోలికి పోవద్దు.

యెంత పొట్టి అయితే అంత సుఖమనుకోవడం మరొక భ్రమ. జుట్టుకు రెండు ఖాతాలుంటాయి, రోజు ఖాతా ఒకటి, నెల ఖాతా ఒకటి. జుట్టు నెలకు సుమారు అరంగుళం పెరుగుతుంది. రెండంగుళాల క్రాపుకు రోజు ఖర్చు దాదాపు లేదు. కాని అయిదారు వారాలకొకసారి కత్తిరించుకోకపోతే దాని రూపు చెడుతుంది. గడ్డం దాకా వున్న జుట్టు రెండు నెలలు ఆగుతుంది. భుజాలను తాకే జుట్టు మూడు నెలలైనా ఆగుతుంది గాని, ఉక్కలో మెడకు అంటుకుంటుంది. పార్లరు దగ్గరా, దూరమా, ఖర్చెంత, తీరిక యెంత అన్నవి చూసుకుని యెంచుకోవాలి. చాలామందికి చెవితమ్మెకూ గడ్డానికీ మధ్య, మెట్లు మెట్లుగా, మెడవెనుక పొట్టిగా వుండే కత్తిరింపు రెండు ఖాతాలకూ సరిపోతుంది. పిన్నిగారు యెంచుకున్నదీ అదే.

పార్లరుకు వెళ్ళేటప్పుడు ఫోనులో ఒక బొమ్మ తీసుకువెళ్ళండి. అయితే ఆ బొమ్మలోని మనిషికి మీలాంటి జుట్టే వుండాలి. సూటి జుట్టు బొమ్మ చూపించి, ఉంగరాల తలమీద దాన్ని దింపమంటే యెవరి తరమూ కాదు. "రోజూ దువ్వను, వేడి పెట్టను, కడిగి వదిలేస్తాను" అని మొదటే చెప్పండి. చివర వేడిగాలితో సాపు చేయించుకుని మురిసిపోవద్దు. ఆ ముస్తాబు మర్నాడు తలంటుతో పోతుంది. మీరు కాపురం చెయ్యవలసింది దాని కింద వున్న అసలు జుట్టుతోనే.

తెగిన జడను పారెయ్యకండి. కత్తిరించే ముందే పైనా కిందా రబ్బరుబాండు బిగించి తీయించండి. కాన్సరు చికిత్సలో జుట్టు పోగొట్టుకున్నవారికి విగ్గులు చేసియిచ్చే సంస్థలు తీసుకుంటాయి. యింత పొడుగుండాలన్న నియమం వుంటుంది గనుక ముందుగా కనుక్కోండి.

ఇంటికి వచ్చాక చెయ్యవలసింది కొంచెమే. గుప్పెడు కుంకుడుకాయలు నానబెట్టేచోట నాలుగైదు చాలు. గరుకు తువ్వాలుతో రుద్దకండి, మెత్తటి పాత పంచెతో అద్దండి. తడి వెంట్రుకకు బలం తక్కువ. పళ్ళు ఎడంగా వున్న దువ్వెనతో కొసలనుంచి మొదలుపెట్టి పైకి రండి. అరచేతిలో రెండు చుక్కల కొబ్బరినూనె రాసుకుని కొసలకు పట్టించండి. ఉంగరాల జుట్టులో కుదుళ్ళ జిడ్డు కొసలదాకా తేలికగా దిగదు, అందుకే కొసలు యెండిపోతాయి. ఆరిన తరువాత దువ్వెన ముట్టుకోవద్దు. ఆరిన ఉంగరాన్ని దువ్వితే విడిపోయి దూదిలాగా లేస్తుంది. కావాలంటే తడిచేత్తో సర్దుకోండి.

ఒక్క భ్రమ గురించి చెప్పి ముగిస్తాను. కత్తిరిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందని కొందరు ఆశపడతారు, కత్తిరిస్తే యిక పెరగదని కొందరు భయపడతారు. రెండూ నిజం కావు. చర్మంపైన కనిపించే వెంట్రుకలో ప్రాణం లేదు. పెరిగేది లోపల కుదురు దగ్గర. పైన కత్తెర ఆడిన సంగతి కుదురుకు తెలియదు. రోజుకు యాభైనుంచి వంద వెంట్రుకలు రాలడం యెవరికైనా సహజమే. పొడుగు జుట్టులో అవి కుచ్చులుగా కనిపించి బెదిరిస్తాయి, పొట్టి జుట్టులో కంటికి ఆనవు, అంతే.

కనుక నచ్చకపోతే పెంచుకోండి. అది మన చేతిలోనే వుంది. కత్తిరించుకోవాలా వద్దా అని మాత్రం మీ తలను మీరే అడగండి. ఇంట్లోవాళ్ళ సలహా వినండి, పెద్దవాళ్ళ భయం యెక్కడినుంచి వచ్చిందో ఓపికగా కనుక్కోండి. ఆ పైన, రోజూ చిక్కు తీసుకునేది యెవరో వారిదే ఆఖరిమాట కావాలి.