జానపద గేయములు - భావనిర్ణయము

పల్లెపాటలను సేకరించి ముద్రించుట భాషాసేవలో ముఖ్యభాగమని యిప్పుడు వేఱుగ చెప్పనక్కఱలేదు. బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియా విశ్వవిద్యాలయమున తెలుగు జానపద గేయ సాహిత్యమును పరిశోధించి 1956లో డాక్టరు పట్టము నందినది మొదలు ఈ కృషికి గౌరవము హెచ్చినది. అయినను సేకరించుట యొకటి, చదువుట వేఱొకటి. పాటలోని మాట కాగితముమీదికి వచ్చును గాని దానిని పలికిన గొంతు రాదు. ఆ గొంతును విచారింపక వ్రాయు వ్యాఖ్యానములు మన పల్లెలకు అన్యాయము చేయుచున్నవి.

ఖానాపూరు సీమనే చూతము. గోదావరికి ఉత్తరమున, పూర్వము ఆదిలాబాదు జిల్లాలో నుండి 2016లో నిర్మల జిల్లాలో చేరిన ప్రాంతమిది. తెలంగాణమున నంతటివలెనే ఇచ్చటను భాద్రపద అమావాస్య మొదలుకొని బతుకమ్మ నాడుదురు. బతుకమ్మ పుట్టుకను గూర్చి వాడుకలోనున్న కథలలో నొకటి కలదు: అన్నల ముద్దుల చెల్లెలిని వదినె పాలలో విషము కలిపి చంపి పాతిపెట్టగా, ఆ చోట తంగేడు మొలిచినదట.

చప్పట్ల తాళమును, ఉయ్యాలో యను పల్లవిని వినినవాడు ఇట్టి పాటలను ఉల్లాసగీతములనును. కథను మాత్రము చదివినవాడు శోకగీతములనును. ఇరువురును తొందరపడినవారే. పాడువారెవరు? అత్తవారిండ్లనుండి పండుగకు వచ్చిన యాడుబిడ్డలు. వినువారెవరు? అదే వలయమున చప్పట్లు చఱచుచున్న వదినెలు. నడుమ పేర్చినదేమి? ఆ తంగేటిపూవే! ఇన్నియు నెఱిగి చదివినచో అందు వినవచ్చునది వట్టి సంతోషమును గాదు, వట్టి దుఃఖమును గాదు. పుట్టింటిపై తనకుగల హక్కును నవ్వుచునే జ్ఞాపకము చేయు గొంతు అని మా యభిప్రాయము. ఉమ్మడి కుటుంబపు టాస్తిలో హిందూ కుమార్తెలందఱికిని కుమారులతో సమాన భాగము 2005 సంవత్సరపు శాసనముచే గాని కలుగలేదని తలచినచో ఆ గొంతు బరువు తెలియగలదు.

పెండ్లిండ్లలో వియ్యాలవారిని తిట్టు పాటలును ఇట్టివే. కాగితముపై చదివిన నాగరకులు వానిని మొరటువని యసహ్యించుకొందురు. కాని పందిటిలో తిట్లు తినినవారు అలుగక బదులు పాడుచున్నారు. ఆ తిట్టు కొత్త చుట్టఱికమునకు తొలి చనువు.

ఈ ప్రాంతపు గోండుల గాథల విషయమున మఱింత జాగ్రత్త యవసరము. వానిని కిక్రీ వాయించుచు పాడు ప్రధానుల యింటిభాష మరాఠీ, పాట గోండీ. హైమన్‌డార్ఫు పండితుడు ఆదిలాబాదు రాజగోండులను గూర్చి 1948లో ప్రకటించిన గ్రంథము ఆంగ్లమున నున్నది. ఇన్ని భాషలు దాటి మనకు చేరిన మాటలో పరిహాసమేదో, ప్రార్థన యేదో వెంటనే తేల్చుట సాహసము.

అట్లని ఎవరికి తోచిన భావమును వారు పాటకు అంటగట్టరాదు. పల్లవి, సంబోధన, వరుస, చెప్పక విడిచిన మాట - ఇవియే సాక్ష్యములు. సాక్ష్యము లేని భావము పాఠకునిదే గాని పాటది గాదు.

కావున సేకరించువారు పాటతోపాటు పాడినవారి వరుసను, సందర్భమును, వినినవారి నవ్వును నిట్టూర్పును గూడ వ్రాసికొనవలెను. చేతనున్న ఫోనులోనే గొంతును భద్రపఱచు సదుపాయము నేడు కలదు. గ్రంథాలయములవారు వృద్ధస్త్రీలను సగౌరవముగ పిలిచి, పాడించి, అర్థమును వారినే యడుగుదురు గాక. పుస్తకము పదిలముగ నుండును. అర్థము చెప్పగల ముదుసళ్లు మనకొఱకు వేచియుండరు.