ఇంటిపన్నులో ఎనిమిది పైసలు

పోయిన నెల ఇంటిపన్ను కట్టడానికి నేనే మున్సిపల్ ఆఫీసుకి వెళ్లాల్సి వచ్చింది. ఏటా మావారే కట్టేస్తారు. ఈసారి ఆయనకి సెలవు దొరకలేదు. కౌంటరు దగ్గర లైను ఎంతకీ కదలదు. ఏం తోచక, చేతిలో ఉన్న డిమాండ్ నోటీసుని పైనుంచి కిందిదాకా చదివాను. పెళ్లయి పదిహేనేళ్లయినా ఆ కాగితాన్ని పూర్తిగా చదవడం అదే మొదటిసారి. కూరలమ్మి దగ్గర రెండు రూపాయల కోసం బేరమాడతాం. పాలవాడి లెక్క కేలండరు మీద రాసుకుంటాం. పన్ను కాగితం మాత్రం మొత్తం ఎంతో చూసి డబ్బు కట్టేస్తాం!

అందులో ఒక వరుస దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. ‘గ్రంథాలయ పన్ను’. మా ఇంటికి ఏడాదికి 200 రూపాయలు.

నిజం చెప్పొద్దూ, నాకు భలే సంతోషం వేసింది. ఏవో నాలుగు కథలు రాసుకునేదాన్ని. ఊళ్లో లైబ్రరీకి నేనూ ఏటా రెండొందలు ఇస్తున్నానన్నమాట! రసీదు పర్సులో పెట్టుకుని, ఇంటికెళ్లేదాన్ని కాస్తా దారి మార్చి లైబ్రరీకి నడిచాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, అక్కడ అడుగుపెట్టి నాలుగేళ్లు దాటింది.

చిన్నప్పుడు మా అమ్మ నాకు చీటీ రాసిచ్చి లైబ్రరీకి పంపేది. యద్దనపూడి, మాదిరెడ్డి, వాసిరెడ్డి సీతాదేవి... ‘వీటిలో ఏదున్నా ఇవ్వండి, చదివినవి వద్దు’ అని కింద ఒక గీత. అమ్మ ఏం చదివిందో, ఏం చదవలేదో అమ్మకంటే లైబ్రేరియన్ గారికే బాగా గుర్తుండేది. సినిమాకి వెళ్లాలంటే నాన్న అనుమతి కావాలి. అద్దె పుస్తకాల షాపుకి డబ్బు కావాలి. లైబ్రరీకి ఒక చీటీ చాలు. అమ్మ తనకోసం అంటూ అడిగి తెప్పించుకున్నది ఆ ఇంట్లో పుస్తకం ఒక్కటే.

ఇప్పుడు ఆ హాల్లో బల్లలన్నీ నిండి ఉన్నాయి. కానీ ఎవరి చేతుల్లోనూ లైబ్రరీ పుస్తకం లేదు. అందరూ పోటీపరీక్షలకు చదువుకునే పిల్లలే. ఎవరి పుస్తకాలు వాళ్లే సంచుల్లో తెచ్చుకున్నారు. వారపత్రికల స్టాండు ఖాళీ. దినపత్రికలు మూడున్నాయి. బీరువాల అద్దాల వెనక పుస్తకాలు, వాటి మీద దుమ్ము.

“కొత్త పుస్తకాలు ఎప్పుడొచ్చాయండీ?” అని లైబ్రేరియన్ గారిని అడిగాను.

“ఎప్పుడో వచ్చాయి మేడం. నేను మూడు శాఖలకి ఇన్‌చార్జిని. ఇక్కడికి వారంలో రెండ్రోజులే వస్తాను. మిగతా రోజులు అటెండరే తీస్తాడు, మూస్తాడు. పత్రికల బిల్లులు కట్టలేక కొన్ని మానిపించాం” అన్నాడాయన. ఆయన మాటలో కోపం కూడా లేదు. అలవాటైపోయింది.

బయటికి వస్తుంటే గుమ్మం పక్క కూర్చున్న అమ్మాయి పలకరించింది. పల్లె నుంచి రోజూ బస్సులో వస్తుందట. హైదరాబాదులోనో, విజయవాడలోనో కోచింగుకి పంపే స్తోమత ఇంట్లో లేదు. పదో తరగతి చదివే తమ్ముడున్న ఇంట్లో టీవీ మోత. ఇక్కడైతే ప్రశాంతంగా ఉంటుందంది. “ఒక్కటే ఇబ్బంది ఆంటీ. ఇక్కడ బాత్రూమ్ లేదు. అందుకని పొద్దున్నే నీళ్లు తాగకుండా వస్తాం” అంది, ఎంతో మామూలుగా.

ఆ మాట ఇంటిదాకా నా వెంటే వచ్చింది. మరి నా రెండొందలు ఎక్కడికి పోతున్నాయి?

పైసా ఎక్కడ ఆగింది?

కొంచెం చట్టం సంగతి చూద్దాం. భయపడకండి, పాలలెక్క కంటే కష్టమేమీ కాదు.

మద్రాసు రాష్ట్రంలో 1948లో వచ్చిన గ్రంథాలయ చట్టం ఆంధ్ర జిల్లాలకు వర్తించేది. హైదరాబాద్ రాష్ట్రంలో 1955లో మరో చట్టం వచ్చింది. రెండింటినీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం చేశారు. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ నడుస్తున్నది ఆ చట్టమే. దాని ప్రకారం మనం కట్టే ఇంటిపన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు అదనంగా గ్రంథాలయాల కోసం వసూలు చేస్తారు. వసూలు చేసేది పంచాయతీ లేదా మున్సిపాలిటీ. కానీ ఆ డబ్బు వాళ్లది కాదు. జిల్లా గ్రంథాలయ సంస్థకి అప్పగించాలి. ఉద్యోగుల జీతాలకు ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. పుస్తకాలు, పత్రికలు, అద్దె, కరెంటు బిల్లు ఈ పన్ను డబ్బుతో జరగాలి.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. ఒక ఊళ్లో ఇరవై వేల ఇళ్లున్నాయనుకుందాం. సగటున ఇంటికి 150 రూపాయలు వేసుకున్నా ఏడాదికి 30 లక్షలు. ఆ డబ్బు ఏటా అందితే ఏ ఊరి లైబ్రరీ అయినా ఇలా ఉంటుందా?

అయితే మధ్యలో జరిగేదేమిటి? పన్ను మన దగ్గర నుంచి వసూలవుతుంది. గ్రంథాలయ సంస్థకి చేరదు. చేరినా సగమో, పావో చేరుతుంది. పెద్ద కార్పొరేషన్ల దగ్గర నుంచి చిన్న పంచాయతీల దాకా కోట్ల రూపాయల బకాయిలున్నాయని పేపర్లలో ఏటా వార్తలు చూస్తూనే ఉన్నాం. వాళ్లనడిగితే వాళ్ల బాధ వాళ్లు చెప్తారు. పైనుంచి వచ్చే నిధులు తగ్గాయి, పారిశుద్ధ్య కార్మికుల జీతాలు ముందా, పుస్తకాలు ముందా అంటారు. ఆ ఇబ్బంది అబద్ధమేమీ కాదు. కానీ ఇది పక్కింటావిడ చీటీ డబ్బు తెచ్చి మన చేతిలో పెట్టి ‘ఫలానావాళ్లకి ఇవ్వండి’ అంటే, మన ఇంట్లో గ్యాసు అయిపోయిందని అందులోంచి వాడేసుకోవడం లాంటిది. అవసరం నిజమే కావచ్చు, డబ్బు మాత్రం మనది కాదు.

మూసెయ్యకుండానే ఖాళీ చెయ్యడం

ఖర్చు తగ్గించడం అంటే బడ్జెట్ ప్రసంగంలో ‘గ్రంథాలయాలకు కోత’ అని మంత్రిగారు చదివి వినిపిస్తారనుకుంటాం. అలా ఎప్పుడూ జరగదు. ఒక లైబ్రేరియన్ రిటైరవుతాడు. ఆ పోస్టు నింపరు. పక్క ఊరి ఆయనకి ఇన్‌చార్జి ఇస్తారు. ఆయనా రిటైరవుతాడు. పుస్తకాల కొనుగోలు ‘వచ్చే ఏడాదికి’ వాయిదా పడుతుంది. వచ్చే ఏడాది మళ్లీ వచ్చే ఏడాదికి. తలుపులు తెరిచే ఉంటాయి, బోర్డు వేలాడుతూనే ఉంటుంది.

బ్రిటన్‌లో 2010 తర్వాత పొదుపు పేరుతో స్థానిక సంస్థల నిధులు కోసేశారు. పదేళ్లు తిరక్కుండానే దాదాపు 800 లైబ్రరీలు మూతపడ్డాయి. కొన్నింటిని ఊరివాళ్లే స్వచ్ఛందంగా నడుపుకుంటున్నారు. అక్కడ మూసేశారు గనక జనం వీధుల్లోకొచ్చి అడిగారు, కొందరు కోర్టులకీ వెళ్లారు. ఇక్కడ మూసెయ్యలేదు గనక మనం అడగడం లేదు. రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదమో చెప్పలేను.

ఇంకో చిక్కు కూడా ఉంది. కలకత్తాలో 1972లో కేంద్రం పెట్టిన రాజా రామమోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ అనే సంస్థ ఉంది. రాష్ట్రం తన వాటా జమచేస్తే, దానికి జతగా ఆ సంస్థ కూడా డబ్బు కలిపి పుస్తకాలు ఇచ్చే పద్ధతి ఒకటుంది. రాష్ట్రం తన వాటా ఎగ్గొడితే, రావాల్సిన ఆ జత వాటా కూడా పోతుంది. అంటే ఒక రూపాయి మిగుల్చుకున్నామనుకుంటూ రెండు రూపాయలు పోగొట్టుకుంటాం.

నాలాంటివాళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. నా మొదటి కథల పుస్తకం 500 కాపీలు వేసుకున్నాను. బంధువులకి పంచగా మిగిలినవి అటక మీద ఉన్నాయి. అదివరకు లైబ్రరీలు కొంటాయన్న ధైర్యంతో చిన్న ప్రచురణకర్తలు కొత్తవాళ్ల పుస్తకాలు వేసేవారు. ఆ ధైర్యం పోయాక పుస్తకం రచయిత సొంత ఖర్చయింది. సంపాదన చేతిలో లేని ఆడవాళ్లు సొంత ఖర్చు మీద ఎన్ని పుస్తకాలు వేసుకోగలరు? కోత పడింది పుస్తకాల కొనుగోలు మీదే అనుకుంటాం. అది వెళ్లి రాసేవాళ్ల మీదా పడుతుంది.

పాత కాగితాల విలువ

లైబ్రరీకి కనీసం పన్ను పేరు చెప్పుకోవడానికైనా ఉంది. పాత పత్రికలు, తాళపత్రాలు, ప్రభుత్వ రికార్డులు దాచే చోట్లకి అదీ లేదు. బడ్జెట్లో ఎంత విదిలిస్తే అంత. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలం నాటి కాగితాలున్నాయి. నిజాం కాలం నాటివి సరేసరి. పర్షియన్‌లో, ఉర్దూలో ఉన్న ఆ కాగితాలు చదవగలిగిన మనుషుల్ని ఉద్యోగాల్లోకి తీసుకోకపోతే, ఉండీ ఒకటే, లేకా ఒకటే.

“ఆ పాత కాగితాలతో మనకేం పని?” అని మా తోడికోడలు అడిగింది. ఆవిడకి చెప్పిన సంగతే మీకూ చెప్తాను.

తెలుగులో మొదటి ఆధునిక కథ గురజాడ ‘దిద్దుబాటు’ అని మనందరం బళ్లో చదువుకున్నాం. అది వచ్చింది 1910లో. దానికి ఎనిమిదేళ్ల ముందే, 1902లో, భండారు అచ్చమాంబ రాసిన ‘ధనత్రయోదశి’ కథ ‘హిందూ సుందరి’ అనే స్త్రీల పత్రికలో అచ్చయింది. అచ్చమాంబ 1905లో ముప్ఫై ఏళ్లకే కన్నుమూసింది. ఆవిడ కథలు చాలాకాలం ఎవరికీ గుర్తులేవు. అయినా ఈ రోజున మనం ఆవిడ పేరు చెప్పుకోగలుగుతున్నామంటే, ఎక్కడో ఎవరో ఆ పాత సంచికల్ని చెదలు పట్టకుండా కాపాడారు గనక. వెతికేవాళ్లు వెతికినప్పుడు అవి దొరికాయి గనక.

ఇంకో ముచ్చట. ఆ అచ్చమాంబ తమ్ముడే కొమర్రాజు లక్ష్మణరావు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం స్థాపించినవారిలో ఆయన ఒకరు. తమ్ముడు గ్రంథాలయం పెట్టాడు. అక్క రాసింది మాత్రం పాత సంచికల్లోనే మిగిలింది. ఎక్కడా ఎవరూ వాటిని దాచకపోయి ఉంటే, తెలుగులో మొదటి కథ రాసిన ఆడమనిషి ఉందన్న సంగతే మనకి తెలిసేది కాదు. ఇప్పుడు వానకి తడుస్తున్న ఏ కట్టలో ఇంకో అచ్చమాంబ ఉందో ఎవరికి తెలుసు?

“అన్నీ ఫోన్లో వస్తున్నాయి కదా” అనేవాళ్లూ ఉన్నారు. నిజమే, నేనూ చదువుతాను. కానీ ఫోన్లో కనిపించే ఆ పాత పుస్తకం మీద ఒక లైబ్రరీ ముద్ర ఉంటుంది, ఎప్పుడన్నా గమనించారా? ఏదో లైబ్రరీ దాచిపెడితేనే ఎవరో దాన్ని స్కాన్ చెయ్యగలిగారు. బీరువాలో లేనిది ఫోన్లోకి రాదు. పైగా ఆ అమ్మాయికి కావలసింది ఫోను కాదు, కూర్చుని చదువుకోవడానికి నిశ్శబ్దంగా ఉండే చోటు, కుర్చీ, ఫ్యాను, బాత్రూమ్. అవి ఏ ఫోన్లోనూ దొరకవు.

మనమేం చెయ్యగలం?

ఒకప్పుడు ఈ నేల మీద గ్రంథాలయాల్ని ప్రభుత్వం పెట్టలేదు. అయ్యంకి వెంకటరమణయ్యగారి లాంటివాళ్లు ఊరూరా తిరిగి పెట్టించారు. పాతూరి నాగభూషణంగారు 1935లో కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం పాత పత్రికల్ని దాచిపెట్టబట్టే పరిశోధకులు ఈనాటికీ అక్కడికి వెళ్తున్నారు. వాళ్లంతా చందాలడిగి నడిపారు. మనం చందా కూడా అడగక్కర్లేదు. ఇప్పటికే కట్టేశాం. ఎటు పోయిందో అడిగితే చాలు.

సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. తెల్లకాగితం మీద మూడు ప్రశ్నలు రాసి మన మున్సిపాలిటీకి ఇవ్వొచ్చు. పోయిన ఏడాది గ్రంథాలయ పన్ను కింద ఎంత వసూలు చేశారు? గ్రంథాలయ సంస్థకి ఎంత జమచేశారు? మిగిలింది ఎప్పుడు జమచేస్తారు? ఓట్లకోసం గుమ్మంలోకి వచ్చిన కౌన్సిలర్ని రోడ్డు గురించీ, కుళాయి గురించీ అడిగినట్టే దీని గురించీ అడగొచ్చు. మహిళా మండలిలో, కిట్టీ పార్టీలో, పొదుపు సంఘంలో నలుగురం కలిసి సంతకాలు పెడితే ఇంకా మంచిది.

నేను కాగితం రాసి ఇచ్చి వచ్చాను. మా అత్తయ్యగారు, “ఒక్కదానివి అడిగితే ఏమవుతుందే?” అన్నారు. ఏమవుతుందో నాకూ తెలీదు. కానీ నెలాఖరున పాలవాడితో లెక్క చూసుకునేటప్పుడు ఏమవుతుందని ఆలోచిస్తామా? ప్యాకెట్లు తక్కువ వేస్తే అడుగుతాం, అంతే.

ఈసారి ఇంటిపన్ను కాగితం వచ్చినప్పుడు ఆ ఒక్క వరుసా చదవండి. రసీదు పట్టుకుని మీ ఊరి లైబ్రరీకి వెళ్లండి. లోపల బల్ల దగ్గర మీ అమ్మాయి వయసు పిల్ల ఒకతె చదువుకుంటూ ఉంటుంది. పొద్దుట్నించీ మంచినీళ్లు తాగిందో లేదో అడగండి.