హర్మూజ్ లెక్కలో కనిపించని గ్యాస్ బండ

పశ్చిమాసియా అట్టుడికినప్పుడల్లా మన దగ్గర చర్చ ముడి చమురుతో మొదలై ముడి చమురుతోనే ముగుస్తోంది. 2025 జూన్‌లో హర్మూజ్ జలసంధిని మూసేయాలని ఇరాన్ పార్లమెంటు తీర్మానించినప్పుడూ అదే జరిగింది. రోజుకు 55 లక్షల బ్యారెళ్లు వాడుతున్నా ఆ దారిన వచ్చేది 15 నుంచి 20 లక్షలేనని, కంగారు అక్కర్లేదని కేంద్ర పెట్రోలియం మంత్రి చెప్పారు. రష్యా చమురు ఉందిగదా అని విశ్లేషకులు తలూపారు. ముడి చమురు వరకు ఆ లెక్క సరైనదే. వంటింటికి మాత్రం అది వర్తించదు.

దేశం ఏడాదికి 3.1 కోట్ల టన్నుల వంటగ్యాస్ వాడుతోంది. అందులో 60 శాతానికి పైగా దిగుమతే. ఆ దిగుమతిలో సుమారు 90 శాతం ఖతార్, యూఏఈ, కువైట్, సౌదీల నుంచి హర్మూజ్ దాటి రావాల్సిందే. ఆ దారి ఆగితే వచ్చే లోటును రష్యా చమురు పూడ్చదు. రిఫైనరీల్లో గ్యాస్ ఉత్పత్తి కొంత పెంచవచ్చు, కానీ ఇంత పెద్ద ఖాళీ దానితో నిండదు.

మరి మన దగ్గర నిల్వ ఎంత? విశాఖలో కొండ రాతిని తొలిచి కట్టిన భూగర్భ కావెర్న్ 2007 నుంచి పనిచేస్తోంది. దాని సామర్థ్యం 60 వేల టన్నులు. దేశం ఒక్క రోజులో వాడే గ్యాస్ దాదాపు 85 వేల టన్నులు. అంటే మనం ఘనంగా చెప్పుకునే ఆ కావెర్న్ నిండుగా ఉన్నా దేశానికి ఒక పూట, మహా అయితే పూటన్నర వంటకు సరిపోతుంది. 2025లో మంగళూరులో 80 వేల టన్నులది మరొకటి వచ్చింది. రెండూ కలిపినా రెండు రోజులు నిండవు. ఓడరేవుల్లో, రిఫైనరీల్లో, బాట్లింగ్ ప్లాంట్లలో ట్యాంకులు లేవా అంటే ఉన్నాయి. అది రోజువారీ సరఫరా కోసం నిండుతూ ఖాళీ అవుతూ ఉండే సరుకు, ఆపత్కాలానికి పక్కన పెట్టింది కాదు.

ముడి చమురుకైతే విశాఖ, మంగళూరు, పాదూరులలో 53.3 లక్షల టన్నుల వ్యూహాత్మక నిల్వ కట్టుకున్నాం. అది పది రోజులకు కూడా చాలదని ఏళ్లుగా విమర్శిస్తున్నాం. వంటగ్యాస్‌కు అలాంటి జాతీయ నిల్వే లేదన్న సంగతి మాత్రం ఎవరి నోటా రాదు.

ఇరాన్ తన కడుపు తానే కొట్టుకోదు, జలసంధిని మూయదు అని అప్పట్లో చాలామంది రాశారు. అసలు పూర్తిగా మూయాల్సిన పనేముంది? అక్కడ ఓడలు వెళ్లే దారి ఒక్కో దిశలో మూడు కిలోమీటర్ల వెడల్పే. 1984-88 మధ్య ఇరాన్-ఇరాక్ ట్యాంకర్ల యుద్ధంలో జలసంధి మూతపడలేదు. అయినా వందల ఓడలపై దాడులు జరిగాయి, బీమా ఖర్చు మోత మోగింది. యెమెన్ హౌతీలు 2023 చివర్లో ఎర్ర సముద్రంలో దాడులు మొదలుపెడితే ఓడలు గుడ్‌హోప్ అగ్రం చుట్టి తిరిగాయి. హర్మూజ్‌కు ఆ చుట్టుదారి కూడా లేదు. సౌదీ యాన్బు పైప్‌లైన్, యూఏఈ ఫుజైరా పైప్‌లైన్ ఉన్నాయిగా అనేవారు అవి ప్రధానంగా ముడి చమురు కోసం వేసినవని మర్చిపోతున్నారు. ఖతార్, కువైట్‌లకైతే అవీ లేవు.

అమెరికా నుంచి 2026లో 22 లక్షల టన్నుల వంటగ్యాస్ కొనేందుకు ప్రభుత్వ చమురు సంస్థలు ఒప్పందం చేసుకోవడం మంచి అడుగే. కానీ అది మన దిగుమతుల్లో పదో వంతు. పైగా గల్ఫ్ నుంచి వారం పది రోజుల్లో వచ్చే సరుకు అమెరికా నుంచి రావడానికి నెల దాటుతుంది. సరుకు దూరం నుంచి వచ్చేకొద్దీ నిల్వ ఇంకా పెరగాలి, తగ్గకూడదు. అప్పట్లో గల్ఫ్ మీద మనలాగే ఆధారపడిన జపాన్ 1981లోనే గ్యాస్ కంపెనీలకు నిల్వను చట్టబద్ధంగా తప్పనిసరి చేసింది. తర్వాత ప్రభుత్వమే కురషికి, నమికతలలో రాతి గుహలు తవ్వించింది. మన దగ్గర రెండు కావెర్న్‌లూ కలిపి 1.4 లక్షల టన్నులు, వాడకం రోజుకు 85 వేల టన్నులు.

ఉజ్వల కింద పది కోట్లకు పైగా పేద ఇళ్లకు కనెక్షన్లిచ్చి కట్టెల పొయ్యి మాన్పించింది ప్రభుత్వమే. ఆంధ్రప్రదేశ్‌లో దీపం-2 కింద ఏడాదికి మూడు బండలు ఉచితం, తెలంగాణలో 500 రూపాయలకే బండ. ధర మీద పార్టీలన్నీ పోటీ పడుతున్నాయి. పొయ్యి వెలగాలంటే లోపల గ్యాస్ ఉండాలని చట్టసభల్లో గట్టిగా అడిగేవారు లేరు. అలవాటు చేసిన ప్రభుత్వం దాని భద్రతకూ పూచీ పడాలి. బండ రాకపోతే డబ్బున్నవారు ఇండక్షన్ స్టవ్ కొనుక్కుంటారు. శ్రీకాకుళం పల్లెలో, ఆదిలాబాద్ తండాలో ఉన్న మహిళను మళ్లీ పొగలోకి నెడతారా?

నెల రోజుల దిగుమతికి సరిపడా నిల్వ కావాలంటే సుమారు 17 లక్షల టన్నులకు చోటుండాలి. విశాఖ కావెర్న్ లాంటివి 28 కట్టాలి. ఒక్క ఏడాదిలో అయ్యే పని కాదు, అందుకే ఇప్పుడే మొదలుపెట్టాలి. ఎన్ని లక్షల టన్నులు, ఏయే ఊళ్లలో, ఏ సంవత్సరానికల్లా అన్నది పెట్రోలియం శాఖ పార్లమెంటు ముందు పెట్టాలి. అంతవరకు ఇంధన భద్రత గురించి దేశానికి భరోసాలు ఇచ్చే హక్కు ఆ శాఖకు లేదు.